మూత తీశాను

కెమెరాను కిటికీ బయటి అంచు మీద, రాత్రి కురిసిన మంచులో పెట్టి, ఉషియామా మిత్సుయో కిటికీ రెక్క మూసేసింది. అరగంట ఉండాలి. చలి లోపలి ఇరుసుల దాకా ఎక్కాలి, అప్పుడు గానీ అది నోరు విప్పదు, వెచ్చటి గదిలో ఉన్నంతసేపూ పెళ్లిచూపులకు కూర్చోబెట్టిన పిల్లలా ఎంత బుద్ధిగా ఉందనీ. ఇందాక కెమెరా వెనక తలుపు తెరిచి వెలుతురుకేసి పట్టుకుని, సెకనులో వెయ్యో వంతుకు తిప్పి ఇరవైసార్లు నొక్కితే ఇరవైసార్లూ తెల్లటి గీత కంట్లో మెరిసింది. ఏ లోపమూ లేదు. లోపం లేదంటే తప్పు ఆయనది, ఈ కాగితం తలుపుకు అవతల, ముందుగదిలో, దుప్పటి కప్పి లోపల వేడి పెట్టిన పొట్టి బల్ల కింద కాళ్లు పెట్టుకుని, పోసిచ్చిన టీ ముట్టకుండా కూర్చున్న కొగుచి తైజో గారిది. డెబ్బై ఒకటో ఏడు ఆయనకు, చిన్నపిల్లల బడి బస్సు నడుపుతాడు. తొమ్మిదిన్నరకు వచ్చాడు, పదకొండింటికి కూతురు వచ్చి తీసుకుపోతుంది, ఈలోగా ఒక్క మాట కావాలన్నాడు. తప్పు కెమెరాదా, నాదా, అంతే చెప్పండి చాలు అన్నాడు. చూసి చెప్తానండీ అంది మిత్సుయో. పదిహేనో ఏట కెమెరాల ఫ్యాక్టరీలో తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నప్పటి నుంచి డెబ్బై నాలుగో ఏడు వచ్చిన ఇవాళ్టి వరకూ ఆమె నోట అంటున్నది ఆ మాటే.

ఆయన తెచ్చిన ఫిల్ము బల్ల మీద చుట్టుకుని ఉంది. ఇరవై నాలుగు బొమ్మలుండాల్సిన ఫిల్ములో ఒక్కటీ లేదు, ఈ కొస నుంచి ఆ కొసకు పలచటి గంజిలా ఖాళీ. అంచున అంకెలు నల్లగా పడ్డాయి, కాబట్టి కడిగినవాళ్లను అనడానికి లేదు. పళ్లచక్రం కొరికిన గుర్తులు చివరిదాకా ఉన్నాయి, కాబట్టి ఫిల్ము కదలలేదని అనడానికీ లేదు. ఇక మిగిలినవి రెండే, ఫిల్ముకు ముందుండే గుడ్డ తెర తెరుచుకోకపోవడం, లేకపోతే లెన్సుకు మూత తీయకపోవడం. ఈ రకం పాత కెమెరాల్లో కన్ను పెట్టి చూసే కిటికీ వేరు, లెన్సు వేరు. మూత పెట్టి ఉన్నా కంటికి అన్నీ కనిపిస్తాయి, సరస్సు కనిపిస్తుంది, మంచు కనిపిస్తుంది, టోపీ సర్దుకుంటూ నవ్వే భార్య కనిపిస్తుంది, ఫిల్ముకు మాత్రం చీకటే. కొత్తగా పట్టినవాళ్లూ చేస్తారు ఆ పని, నలభై ఏళ్లుగా తీస్తున్నవాళ్లూ చేస్తారు, చేసి ఒక నవ్వు నవ్వుకుని మళ్లీ తీసుకుంటారు. మళ్లీ తీసుకోవడానికి మనిషి ఉంటే. ఆయన భార్య కికునో గారు కొత్త సంవత్సరం ఐదో రోజున సరస్సు గట్టున ఇరవై నాలుగుసార్లు నవ్వింది, తొమ్మిదో రోజు సాయంత్రం వేడి నీళ్ల తొట్టిలో దిగింది, ఎంతకీ రాకపోతే ఈయన వెళ్లి చూశాడు. ఆవిడ పోయి ఎల్లుండికి నలభై తొమ్మిదో రోజు. అస్థికలు గుడిలో ఇచ్చేస్తారు, పటం ఒక్కటి ఇంట్లో మిగులుతుంది. ఆ పటం కూడా బడి వార్షికోత్సవంలో అందరితో కలిసి తీసిన ఫొటోలోంచి ముఖం కోసి, పక్కవాళ్ల భుజం చెరిపేసి, అంత్యక్రియలు చేయించేవాళ్లు నల్ల కిమోనో అతికించినది. ఆవిడ ఎప్పుడూ కట్టుకోని కిమోనో, ఎవరిదో అని ఇందాక ఆయనే చెప్పాడు, చెప్పి చేతులు చూసుకున్నాడు.

గోడ గడియారంలో పది పన్నెండు. ఇంకా పద్దెనిమిది నిమిషాలు. తలుపు అవతల దగ్గు వినిపించింది. "ఉషియామా గారూ, టీ చాలా బాగుందండీ." కప్పు ఎత్తిన చప్పుడు లేదు, దించిన చప్పుడు లేదు, ఏ టీ బాగుందో. "చల్లారిపోయి ఉంటుంది, ఇంకాస్త వేడిది పోస్తానుండండి." "వద్దొద్దు, మీ పని చెడగొడుతున్నాను. చెప్పకుండా ఆదివారం పూట వచ్చిపడ్డాను, తప్పంతా నాదే." "అయ్యో, గది చల్లగా ఉంది, నాదే తప్పు." పొద్దున పోస్టు మనిషి పొట్లం తెచ్చినప్పుడూ ఇదే భాగోతం. బెల్లు కొట్టి అతను రెండు క్షణాలు నిలబడాల్సి వచ్చినందుకు ఆమె తప్పు నాదంది, ఆదివారం పూట బెల్లు కొట్టినందుకు తప్పు నాదని అతను అన్నాడు, ఇద్దరూ వంగి వంగి లేచారు, అతని టోపీ మీది మంచు ఆమె చెప్పుల మీద పడింది. దానికి మళ్లీ ఒక తప్పు నాది.

మూత, తీశాను. ఫొటో తీసే ముందు కొగుచి గారు అలా అనేవాడట, వేలు చూపించి, పైకి. బస్సు నడిపేవాళ్ల అలవాటది, రైలు నడిపేవాళ్లదీ, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లదీ. కన్ను ఒకటే చూస్తే మోసపోతుంది, వేలు చూపించాలి, నోరు చెప్పాలి, చెప్పింది చెవి వినాలి. తలుపు, మూశాను. అద్దం, చూశాను. పందొమ్మిది మంది పిల్లల్ని బడి దగ్గర దించాక ఆయన బస్సు వెనక దాకా నడిచి వెళ్తాడు, ప్రతి సీటు మీదా చెయ్యి వేస్తాడు, ఆఖరి సీటు దగ్గర నిలబడి వేలు చూపించి వెనక సీటు, ఖాళీ అంటాడు. పదకొండేళ్లు, ఒక్క రోజు తప్పకుండా. "ఫొటో తీసినా అంతేనండీ ఈయన," అని పోయిన ఆగస్టులో ఇదే ముందుగదిలో కూర్చుని కికునో గారు పళ్లెంలో ఉప్పులో ఊరేసిన ఆకుకూర నములుతూ చెప్పింది, "నేను నవ్వు పట్టుకుని కూర్చుంటాను, ఈయన మూత తీశాను, దూరం పెట్టాను, వెలుతురు చూశాను అని బస్టాండులో మైకులా చెప్తాడు, అయ్యేసరికి నా నవ్వు పాచిపోతుంది." ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ కెమెరాకు అప్పుడే లోపలంతా శుభ్రం చేసి ఇచ్చింది మిత్సుయో. ఇవాళ పొద్దున ఆయన అన్నాడు, "చెప్పాననే అనుకుంటున్నానండీ. మూత, తీశాను అని. ఆవిడ నవ్వింది కూడా. కానీ ఆ నవ్వు ఆ రోజుదా, అంతకు ముందుదా, అదే తేలట్లేదు." బస్సు తాళంచెవి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు, దానికి పసుపు రంగు బాతుబొమ్మ వేలాడుతోంది, పిల్లలెవరో ఇచ్చింది. "రేపు బడి పెద్దావిడకు ఇచ్చేద్దామనుకుంటున్నాను. లెన్సు మీద మూత ఉందో లేదో చూడలేనివాడు సీట్లో బిడ్డ ఉందో లేదో ఏం చూస్తాడు చెప్పండి? మా అమ్మాయి చిజురు కూడా అదే అంటోంది. కెమెరాదే తప్పయితే మాత్రం నడుపుతాను. ఆ పిల్లలు లేకపోతే నాకు పొద్దున లేవడానికి పనేముందీ." బడివాళ్లెవరూ వద్దనలేదు ఆయన్ని, అక్కడ ఎవరికీ తెలియదు కూడా. తనకు తానే పోలీసు, తానే జడ్జీ.

మిత్సుయో కూడా వేలు చూపించేది, ఒకప్పుడు. ముప్పై రెండు మంది ఆడపిల్లలు, తెల్ల టోపీలు, ఒక్కో పళ్లెంలో ఒక్కో తెరల పెట్టె, ముందు తెర ఇరుసు, తుడిచాను, వెనక తెర ఇరుసు, తుడిచాను, బయట నిలబడి వింటే మంత్రాలు చదువుతున్నట్టు ఉండేదని జనం చెప్పుకునేవారు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ వెనకగదిలో బల్ల వేసుకుని ఒక్కతే కూర్చుని కూడా కొన్నేళ్లు అలాగే పైకి చెప్పుకుంది. ఆయన, తన ఆయన, ఆఖరి రోజుల్లో పక్కగదిలో పడుకుని ఎవరితోనే మాట్లాడుతున్నావు అని అడిగేవాడు, అడిగి భయపడేవాడు, అందుకని మానేసింది. ఆయన పోయి పదకొండేళ్లయింది, మళ్లీ మొదలుపెట్టలేదు. మనసులో చెప్పుకుంటే చాలదా అనుకుంది. మనసుకు చెవులున్నాయా.

యోనె గుర్తొచ్చింది, ఎందుకో, ఎందుకేమిటి, పళ్లెం గుర్తొస్తే యోనె రాక మానుతుందా. పదిహేడేళ్ళప్పుడు, ఒక సోమవారం, రెండు వందల తెరల పెట్టెలు తనిఖీలో తప్పి వెనక్కి వచ్చాయి. స్ప్రింగు అర చుట్టు ఎక్కువ బిగించారెవరో. ఎవరో ఏమిటి, మిత్సుయోనే, ఆ వారం నాన్న ఆసుపత్రిలో ఉన్నాడు, చేతులు ఎక్కడో కళ్లు ఎక్కడో. పళ్లెం ఎవరిదో తెలియడానికి దాని మీద సుద్దతో రాసిన అంకె చెరిగిపోయింది. మేస్త్రీ వచ్చి నిలబడ్డాడు, ముప్పై రెండు మందీ లేచారు, ఒక్కసారే వంగారు, తప్పు మాదేనండీ అని ఒక్క గొంతుతో అన్నారు, అలా అనాలి కాబట్టి అన్నారు, మిత్సుయో అందరికంటే గట్టిగా అంది, అంతమందిలో ఆమె గొంతు ఎవరికి వినిపించిందీ. వారం తిరక్కుండా, తప్పు ఆమెదేనని, పక్క సీటు యోనెను అట్టపెట్టెలు మడిచే గదికి పంపేశారు. యోనె తెల్ల టోపీ తీసి సీటు మీద పెట్టి వెళ్లింది. పెళ్లి చేసుకుని మత్సుమోతో అనే ఊరికి వెళ్లింది, ఏటా కొత్త సంవత్సరానికి కార్డు రాసేది, మిత్సుయో ఏటా తలచుకునేది ఈసారి నిజం రాసేద్దాం అని, రాసేద్దాం అనుకుని మీరంతా క్షేమమని తలుస్తాను అని రాసేది. నాలుగేళ్లుగా కార్డు రావడం లేదు. యాభై ఏడేళ్లు ఒక వాక్యం రాయలేకపోయిన మనిషి, సిగ్గులేదూ.

పది ముప్పై. కిటికీ తీసింది. కెమెరా పట్టుకుంటే వేళ్లు కాలినట్టయ్యాయి. దాని వెనక తలుపు తెరిచింది, మంచు మీద పడి కళ్లు చెదరగొడుతున్న ఎండకేసి తిప్పింది, వెయ్యో వంతు, నొక్కింది. చప్పుడు మామూలే. వెలుగు లేదు. మీట తిప్పింది, నొక్కింది, లేదు. కన్నార్పానేమో అనుకుని కళ్లు విప్పార్చుకుని నొక్కింది, లేదు, మళ్లీ, లేదు, పదిసార్లు పది చీకట్లు. అరవయ్యో వంతుకు తిప్పితే వెలుగు వచ్చింది, మళ్లీ వెయ్యికి తిప్పితే పోయింది. దొరికింది దొంగ. చలికి, తెరిచే ముందు తెర బద్ధకించి మెల్లగా పరుగెడుతోంది, మూసే వెనక తెర వచ్చి దాన్ని అందుకుంటోంది, రెండూ ఒకదానికొకటి అంటుకుని పోతుంటే మధ్యలో వెలుగు దూరడానికి సందు ఏది. ఆ రోజు ఎండలో, ఆ మంచులో, ఆయన వెయ్యో వంతు మీదే పెట్టి ఉంటాడు, ఇంకేం పెడతాడు. అయితే ఆయన మూత తీశాడు. ఆమె ఒంట్లో ఏదో గంతేసింది, తలుపు జరిపి కొగుచి గారూ, మీరు తీశారండీ, ఆవిడ నవ్వింది ఆ రోజేనండీ అని అరవబోయి, సగం లేచి, అలాగే ఆగిపోయింది. ముందు తెర ఇరుసా? అది ఆగస్టులో తుడిచాను కదా.

నోటుపుస్తకం తీసింది. ఆగస్టు పందొమ్మిది, కొగుచి గారు, ఐదు పనులు, ఐదింటికీ ఎదురుగా గీత. ముందు తెర ఇరుసు, గీత. వెనక తెర ఇరుసు, గీత. తన గీతలే, కుడివైపు వాలినవి, మేస్త్రీ ఎన్నిసార్లు చెప్పినా నిటారుగా రాని గీతలు. పై రేకు విప్పింది, లోపలివైపు సూదితో గీకిన తన గుర్తు, తేదీ, దాని పక్కనే ఇంకెన్నో ఏళ్ల కిందటి ఎవరిదో గుర్తు, ఈ పనిలో ఉన్నవాళ్లందరూ అలాగే రాస్తారు, తర్వాత విప్పేవాడికి తెలియాలని. కింది రేకు విప్పింది. భూతద్దం కంటికి పెట్టుకుంది. వెనక తెర ఇరుసు మీద కొత్త నూనె మెరుస్తోంది. ముందు తెర ఇరుసు చుట్టూ గోధుమరంగు జిడ్డు, గిన్నె అడుగున ఎండిన పులుసులా, యాభై ఏళ్ల నాటిది, ఎవరూ ముట్టుకోనిది. తుడవలేదు. తుడవకుండా తుడిచానని గీత పెట్టింది. కావాలని చేయలేదు, కావాలని చేసి ఉంటే బాగుండేది, కనీసం గుర్తుండేది. ఆ రోజు ఏం జరిగింది, ఆలోచించు, ఈ బల్లే, కిటికీ తెరిచి ఉంది, చిమ్మటల రొద, ముందుగదిలో కికునో గారు ఆకు ఊరెయ్యడానికి ఉప్పెంత అని అడిగింది, దూది చుట్టిన సన్న పుల్ల చేతిలో అలాగే పట్టుకుని తలుపు దాకా వెళ్లి చెప్పింది, బస్టాండులో మైకు అంటే నవ్వింది, తిరిగొచ్చి కూర్చుంది, కూర్చుని? కూర్చుని ఏమీ లేదు. అక్కడినుంచి కెమెరా గుడ్డలో చుట్టి రెండు చేతులతో అందించేదాకా ఒక్క బొమ్మా లేదు.

పోయిన నెల ఆకుకు ఉప్పు రెండుసార్లు వేసింది. తెలియలేదు, నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, వయసు అని నవ్వుకుంది. ఒకాయన కెమెరా ఇంకొకాయనకు పంపింది, ఇద్దరూ మర్యాదస్తులు, తమలో తాము మార్చుకున్నారు, తప్పు మాదే అని ఉత్తరం కూడా రాశారు. ఆగస్టు నుంచి ఎన్ని పంపింది? హకాతాకు ఒకటి, నీగాతాకు రెండు, ఆ సెందాయి పిల్ల పెళ్లికి తీయాలని తొందరపెట్టినది. అన్నింటికీ ఐదైదు గీతలు. వాటిలో ఎన్ని ఉత్త గీతలో, ఎన్ని నిజంగా పని చేసి పెట్టినవో. అయితే ఆ ముసలాయన బుర్ర చక్కగా ఉంది, ఆయన తీశాడు, చెప్పాడు, చూశాడు, బుర్ర పోయింది తనది, ఆయన తాళంచెవి ఇచ్చేయడమేమిటి, ఇవ్వాల్సింది ఈ స్క్రూడ్రైవర్లు, ఈ బల్ల. ఇది లేకపోతే తనకు మాత్రం పొద్దున లేవడానికి పనేముంది. చెప్పకపోతేనో? కెమెరాలో ఏ లోపమూ కనబడలేదండీ అంటే సరిపోతుంది. ఆయన తలూపుతాడు, వంగి దండం పెడతాడు, రేపు బాతుబొమ్మతో సహా తాళంచెవి ఇచ్చేస్తాడు, ఎల్లుండి గుడిలో కూర్చుని నీ ఆఖరి నవ్వు మూత కిందే పోగొట్టాను అని ఆవిడకు చెప్పుకుంటాడు, బతికినంతకాలం చెప్పుకుంటాడు. పోనీ పాతబడింది, చలి, ఎవరి తప్పూ లేదు అంటే? ఎవరి తప్పూ లేదు అంటే ఆయన ఒప్పుకోడు, ఎవరిదో ఒకరిది ఉండాల్సిందే ఆయనకు, లేకపోతే తన నెత్తిన వేసుకుంటాడు. చెప్పాలి. యోనెకు చెప్పలేదు, ఈయనకు చెప్పాలి. నలుగురితో కలిసి కాదు, ఒక్కదాన్నే, ఏం చేయలేదో పేరు పెట్టి చెప్పాలి. ముందు తెర ఇరుసు, తుడవలేదు. పెదాలు కదిలాయి, చాలా ఏళ్లకు గొంతు కూడా కదిలింది. అంతలో కింది రేకు ఆఖరి స్క్రూ బిగుస్తూ కిర్రుమంది, ఆమె తన చేతులకేసి చూసుకుంది. పై రేకు ఎప్పుడో ఎక్కింది. సన్న పుల్ల గోధుమరంగు దూదితో పక్కన పడి ఉంది, నూనె సీసా మూత తీసి ఉంది, తెర స్ప్రింగు పావు చుట్టు సర్ది ఉంది. తనకు తెలియకుండానే చేతులు ఆ పని చేసుకుపోయాయి, యాభై తొమ్మిదేళ్లు అదే పని చేసిన చేతులు, ఆగస్టులో చేయనిది ఇప్పుడు ఎవరూ అడక్కుండా చేసి పెట్టాయి. బయట మంచు మీద కారు చక్రాలు నలుగుతున్న చప్పుడైంది.

చిజురు నల్ల కోటు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. మునిసిపాలిటీ ఆఫీసులో ఉద్యోగం, మంచి పిల్ల, చేతిలో ఎల్లుండి పని మాట్లాడటానికి వెళ్తూ గుడివాళ్లకు ఇవ్వాల్సిన పిండివంటల పెట్టె. "మా నాన్న మీకు పొద్దున్నే తలనొప్పి తెచ్చిపెట్టారు, తప్పు మాదండీ," అంటూనే చెప్పులు విడిచింది. మిత్సుయో తలుపు జరిపి, గుమ్మం దగ్గరే మోకాళ్ల మీద కూర్చుని, చేతులు చాప మీద ఆనించి, నుదురు చేతులకు తగిలేదాకా వంగింది.

"కొగుచి గారూ, తప్పు నాదండీ."

"అయ్యో, ఇదేమిటి, లేవండి లేవండి!" కొగుచి గారు దుప్పటిలోంచి కాళ్లు లాక్కుని తనూ మోకాళ్ల మీదకు వచ్చేశాడు. "మీరెందుకు..."

"మీరు మూత తీశారు. తెర తెరుచుకోలేదు. ఆగస్టులో ముందు తెర ఇరుసు తుడవాల్సింది నేను తుడవలేదు. చలికి అది బిగుసుకుపోయింది. ఇందాక మంచులో పెట్టి చూశాను, ఒక్కసారి కూడా వెలుగు రాలేదు. మీ బుర్ర చక్కగా ఉంది. మీరు బస్సు నడపండి."

ముసలాయన ముఖంలో ఏదో కదిలింది. నలభై ఏడు రోజులుగా వాలిపోయి ఉన్న భుజాలు ఒక అంగుళం లేచాయి. "నిజంగానా?" అన్నాడు, చిన్నగా, గట్టిగా అంటే ఆ మాట చెదిరిపోతుందేమో అన్నట్టు. తర్వాత కూతురి వైపు చూశాడు. "విన్నావా?"

"విన్నాను నాన్నా." చిజురు గొంతు మెత్తగా ఉంది. "ఏదీ, ఒకసారి చూద్దామా? గుడికి వెళ్లడానికి పావుగంట ఉంది."

అప్పుడు గానీ మిత్సుయోకు వెలగలేదు తన చేతులు రుజువును కూడా తుడిచేశాయని. నోరు తెరిచేలోపే చిజురు కెమెరా తీసుకెళ్లి గుమ్మం బయట మంచు కుప్ప మీద పెట్టింది, ముగ్గురూ తలుపు అద్దంలోంచి దాన్నే చూస్తూ నిలబడ్డారు, పది నిమిషాలు, పాలు పొంగే గిన్నె ముందు నిలబడ్డట్టు. చిజురు తెచ్చి తండ్రికి ఇచ్చింది. ఆయన దాని వెనక తలుపు తెరిచాడు, వెయ్యో వంతుకు తిప్పాడు, వేలు చూపించి చూసుకున్నాడు, ఎండకేసి పట్టి నొక్కాడు. మీట తిప్పి మళ్లీ నొక్కాడు. మళ్లీ. భుజాలు ఆ అంగుళం దిగిపోయాయి.

"వెలుగు వస్తోందండీ," అన్నాడు.

"ఇప్పుడు తుడిచాను కాబట్టి. ఇందాక, మీరు ఇక్కడ కూర్చున్నప్పుడు, నాకు తెలియకుండానే..." తెలియకుండానే అంటే ఎవరు నమ్ముతారు, తనే నమ్మదు. "ఈ దూది చూడండి, ఈ జిడ్డు దాని మీదదే."

చిజురు దూదిని రెండు చేతులతో అందుకుని చూసింది. "ఎంత కష్టపడ్డారో," అంది. నోటుపుస్తకం వెనకగది బల్ల మీద తెరిచే ఉంది, అదీ చూసింది. "ఆగస్టు పందొమ్మిది. ముందు తెర ఇరుసు, ఇక్కడ గీత ఉందండీ. తుడిచారు."

"తుడవకుండా గీత పెట్టాను. తప్పు నాదండీ, మర్యాదకు అనట్లేదు, నిజంగా నాది." మిత్సుయో మళ్లీ వంగింది, ఇందాకటి కంటే కిందికి. ఎంత కిందికి వంగితే అంత మర్యాదగా కనిపిస్తోంది, ఎంత గట్టిగా చెబితే అంత దయగా వినిపిస్తోంది, ఇంకే మాటతో చెప్పాలి, ఆ మాటకు ఇంకో మాట లేదే ఈ ఊళ్లో.

"అవునండీ, అవును," అంది చిజురు, జ్వరంలో ఉన్న పిల్లలకు చెప్పినట్టు, కళ్లలో నీళ్లు తిరిగాయి ఆ అమ్మాయికి. "మా నాన్న కోసం ఇంత మాట అన్నారు. ఈ మేలు మరిచిపోం."

కొగుచి గారు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి కప్పు బోర్లించాడు. "ఉషియామా గారూ, మీరు చెప్పినప్పుడు ఒక్క క్షణం నమ్మాను సుమండీ. ఆ క్షణం చాలు. మీలాంటివారు ఉంటారనుకోలేదు." రేపు ఇచ్చేయడానికి బల్ల మీది తాళంచెవి తీసుకున్నాడు, బాతుబొమ్మను పిడికిట్లో మూశాడు. కెమెరాను ఆమె వైపు జరిపాడు. "ఇది మీ దగ్గరే ఉండనీయండి. ఎవరైనా కుర్రవాళ్లు అడిగితే ఇవ్వండి."

"కొగుచి గారూ, వినండి..."

"ఆ, ఒక్క నిమిషం." కోటు జేబులు తడుముకుని లెన్సు మూత తీశాడు, గుండ్రటిది, అంచున రంగు పోయింది. లెన్సుకు పెట్టి నొక్కాడు. టక్కుమంది. చూపుడు వేలు చాచి, వీపు నిటారుగా పెట్టి, బస్సులో ఆఖరి సీటు దగ్గర నిలబడ్డట్టు నిలబడి, "మూత, పెట్టాను," అన్నాడు. కూతురు ఆయన మోచెయ్యి పట్టుకుంది.

కారు మలుపు తిరిగేదాకా మిత్సుయో గుమ్మంలో వంగే ఉంది. తర్వాత వెనకగదిలోకి వచ్చి కూర్చుంది. మూత తీసింది, తీశాను అంది పైకి, వినడానికి ఇంట్లో ఎవరూ లేరు. కెమెరాను మళ్లీ మంచులో పెట్టింది, అరగంట, ఇంకో అరగంట, వేళ్లు కొంకర్లు పోయేదాకా. తీసి ఎండకేసి పట్టి వెయ్యో వంతు మీద నొక్కింది. వెలుగు వచ్చింది. ఈ ఒక్కసారి రావద్దు అనుకుంటూ మళ్లీ నొక్కింది. నొక్కిన ప్రతిసారీ వచ్చింది.